వికటకవిని ఒప్పుకోని పిల్లి: బడి ల్యాబులో స్క్రాచ్ వాడకంపై సమీక్ష

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు కంప్యూటరు పీరియడ్లు కూడా చూసుకోమని గణితం ఉపాధ్యాయుడినైన నాకు రెండేళ్ల కిందట అప్పగించినప్పుడు, అంతకుముందు ఆ పీరియడ్లలో ఏం జరిగేదో తెలుసుకోవడానికి పిల్లల నోటుపుస్తకాలు తిరగేశాను. ఇన్‌పుట్ పరికరాలు ఏవి, అవుట్‌పుట్ పరికరాలు ఏవి, సీపీయూను కంప్యూటరుకు మెదడు అని ఎందుకంటారు అన్న ప్రశ్నలూ వాటి జవాబులూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ల్యాబు తలుపు తెరిచిన రోజున మాత్రం పెయింట్‌లో ఒక ఇల్లు, దాని వెనక రెండు కొండలు, కొండల మధ్య సూర్యుడు. ఆ చిత్రాన్ని నేను తక్కువ చేయడం లేదు. మౌస్ పట్టుకోవడం చాలామందికి దానితోనే అలవాటైంది. కానీ కంప్యూటరుకు ఒక పని చెప్పి, అది అనుకున్నట్టు జరగకపోతే తాము ఎక్కడ తప్పు చెప్పామో వెతుక్కునే అవకాశం వాళ్లకు అప్పటివరకు రాలేదు. ఆ అవకాశం కోసం నేను ఎంచుకున్న సాధనం స్క్రాచ్. రెండు విద్యా సంవత్సరాలు వాడాక దాని మంచిచెడ్డలను, ముఖ్యంగా తెలుగులో ఆలోచించే పిల్లల చేతిలో అది ఎలా నడుస్తుందన్న సంగతిని, మరో ఉపాధ్యాయుడికి పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

స్క్రాచ్ అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబులో పుట్టింది. మిచెల్ రెస్నిక్ నాయకత్వంలోని లైఫ్‌లాంగ్ కిండర్‌గార్టెన్ బృందం తయారుచేసిన ఈ ప్రోగ్రామింగ్ భాష 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు మనం వాడుతున్న 3.0 తరం 2019 జనవరిలో విడుదలైంది. ప్రధానంగా 8 నుంచి 16 ఏళ్ల వయసు వారిని దృష్టిలో పెట్టుకుని చేశారు. అంతకంటే చిన్నవారికి స్క్రాచ్ జూనియర్ అని వేరే ఉంది. పైసా ఖర్చు లేదు. బ్రౌజర్‌లో నేరుగా తెరవవచ్చు, లేదా యాప్‌ను ఒకసారి దించుకుని ఇంటర్నెట్ లేకుండానే వాడుకోవచ్చు. మా ల్యాబులో వాడింది ఆ యాప్‌నే, కాబట్టి ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే.

టైపు చేసి రాసే భాషలలో మొదటి నెల కామాలు, కుండలీకరణాలు, అక్షరదోషాల వెంట పరిగెత్తడానికే సరిపోతుంది. స్క్రాచ్‌లో ఆ బెడద లేదు. ఆదేశాలన్నీ రంగురంగుల బ్లాకులుగా ఉంటాయి, వాటిని మౌస్‌తో లాగి ఒకదాని కింద ఒకటి అతికించాలి. సరిపడని బ్లాకు అసలు అతుక్కోదు. అవును–కాదు అని తేల్చే బ్లాకులు ఆరు మూలలతో, విలువ ఇచ్చే బ్లాకులు గుండ్రని అంచులతో ఉంటాయి కనుక, ఏ ఖాళీలో ఏది పట్టాలో పిల్లలకు ఆకారమే చెబుతుంది. ఉపాధ్యాయుడిగా నాకు ఎక్కువగా నచ్చింది మరొకటి: విడిగా ఉంచిన బ్లాకు మీద నొక్కితే అది ఒక్కటే, వరుసలో ఉన్నదాని మీద నొక్కితే ఆ వరుస అంతా ఆ క్షణాన నడుస్తుంది. ఇరవై బ్లాకుల వరుసలో తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు, దాన్ని రెండు ముక్కలుగా విడదీసి, ఏ ముక్క సరిగా ఉందో నొక్కి చూడమని చెబితే చాలు. ఈ ఒక్క అలవాటు పడితే ఆ తరగతి సగం దారి నడిచినట్టే అని నా అభిప్రాయం.

మొదటి పీరియడ్‌లో ఎదురయ్యే తమాషాకు కొత్తగా మొదలుపెట్టేవారు సిద్ధంగా ఉండడం మంచిది. తెర మీద కనిపించే పిల్లిని అటూ ఇటూ నడిపించి, అంచు తగిలితే వెనక్కి తిరగమని చెబితే, అది కుడి అంచు దాకా బుద్ధిగా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు తలకిందులుగా నడుస్తుంది. తరగతి అంతా గొల్లుమంటుంది. పిల్లి తిరిగిన కోణం 180 డిగ్రీలు అయినప్పుడు బొమ్మ కూడా అంతే తిరుగుతుందని, ఎడమకూ కుడికీ మాత్రమే తిరగమని విడిగా చెప్పే బ్లాకు ఉందని నేను మొదటి సంవత్సరం వెంటనే చెప్పేశాను. రెండో సంవత్సరం చెప్పలేదు. వాళ్లే మోషన్ బ్లాకులన్నీ ఒక్కొక్కటి నొక్కి చూసి, పావుగంటలో ఆ బ్లాకును పట్టుకున్నారు. ఆ పావుగంటలో మిగిలిన బ్లాకులు ఏం చేస్తాయో కూడా వాళ్లకు తెలిసిపోయింది. (పిల్లి అరుపు వినిపించే బ్లాకును కూడా అప్పుడే కనుక్కున్నారు. హెడ్‌ఫోన్లు లేని ల్యాబు అయితే స్పీకర్లను ముందే తగ్గించి పెట్టుకోవాలని నా సలహా. పక్క గదిలో సాంఘికశాస్త్రం చెబుతున్న మేడం గారు ఆ రోజు చూపించిన ఓర్పు అన్నిసార్లూ దొరకదు.)

గణితం చెప్పేవారికి స్క్రాచ్ ఇచ్చేది కొంచెం ఎక్కువ. తెర వెడల్పు 480, ఎత్తు 360 ప్రమాణాలు. సరిగ్గా మధ్యలో సున్నా. ఎక్స్ విలువ -240 నుంచి 240 వరకు, వై విలువ -180 నుంచి 180 వరకు ఉంటుంది. ఋణ సంఖ్యలను అప్పులతోనూ చలి ప్రదేశాల ఉష్ణోగ్రతలతోనూ చెప్పడం మనకు అలవాటు. ఇక్కడ పిల్లిని ఎడమవైపుకు పంపాలంటే ఋణ సంఖ్య రాయక తప్పదు. ఆరో తరగతి పిల్లవాడు నాలుగు రోజుల్లో ఆ సంఖ్యలతో స్నేహం చేస్తాడు.

అంతకంటే గట్టి పాఠం త్రిభుజం దగ్గర జరిగింది. కలం అనే అదనపు భాగాన్ని కలుపుకుంటే పిల్లి నడిచిన దారి అంతా గీత పడుతుంది. (ఈ భాగం ఎడమవైపు అడుగున ఉన్న చిన్న బొత్తాం వెనక దాగి ఉంటుంది; చూపించకపోతే ఎవరికీ కనబడదు.) వంద అడుగులు నడిచి 90 డిగ్రీలు తిరగడాన్ని నాలుగుసార్లు చేయమంటే చతురస్రం వస్తుంది, అందరికీ వచ్చింది. తరువాత సమబాహు త్రిభుజం గీయమన్నాను. ఏడో తరగతిలో ప్రతి ఒక్కరికీ సమబాహు త్రిభుజంలో కోణం 60 డిగ్రీలని తెలుసు, అందువల్ల దాదాపు అందరూ 60 అనే రాశారు, మూడుసార్లు తిప్పారు. తెర మీద వచ్చింది మూతపడని గిన్నె లాంటి ఆకారం, అంటే షడ్భుజిలో సగం. ‘సార్, కంప్యూటరు తప్పు’ అని ఒక బృందం తేల్చేసింది. పిల్లి స్థానంలో మిమ్మల్ని నిలబెడతాను రండి అని, ల్యాబు బయట వరండాలో సుద్దముక్కతో గీత గీసి ఒక అమ్మాయిని నడవమన్నాను. మూల దగ్గరకు వచ్చాక ఆమె తన శరీరాన్ని ఎంత తిప్పాల్సి వచ్చిందో చూసి, లోపలి కోణం కాదు, నడుస్తున్న దారి నుంచి పక్కకు మళ్లిన కోణం రాయాలని తనే అంది. 180 లోంచి 60 తీసేసి 120 పెట్టగానే త్రిభుజం మూతపడింది. బాహ్యకోణం అన్న మాటను నేను ఆ తరువాతే పలికాను. 1967లో సీమోర్ పేపర్ట్, ఆయన సహచరులు తయారుచేసిన లోగో భాషలో తాబేలు చేత బొమ్మలు గీయించడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: పిల్లవాడు తన ఒంటిని తాబేలు స్థానంలో ఊహించుకోవాలి. స్క్రాచ్ ఆ కుటుంబానికి చెందినదే.

ఇక, ఈ సమీక్ష రాయాలనిపించడానికి అసలు కారణమైన సంగతి. ఎనిమిదో తరగతి వారికి ఒక చిన్న పని ఇచ్చాను: ఒక మాట అడిగి తీసుకుని, దాన్ని వెనక నుంచి చదివినా అదే వస్తుందో లేదో పిల్లి చెప్పాలి. మాటలోంచి మొదటి అక్షరం, రెండో అక్షరం అంటూ విడదీసే బ్లాకు, మాట పొడవు చెప్పే బ్లాకు, రెండు మాటలను కలిపే బ్లాకు స్క్రాచ్‌లో ఉన్నాయి; వాటితో ఈ పని తేలికగానే అవుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో మలయాళం అని రాస్తే పిల్లి అవునంది. స్క్రాచ్ పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు తేడా చూడదు కనుక మొదటి అక్షరం పెద్దదైనా ఫలితం మారలేదు. తెలుగు కీబోర్డు పెట్టి నటన అని కొట్టారు, అవునంది. జలజ, కనక, మడమ, అన్నిటికీ అవునంది. అప్పుడు సహజంగానే తెనాలి రామకృష్ణుడి బిరుదు గుర్తొచ్చి వికటకవి అని కొట్టారు. కాదు, అంది పిల్లి. కునుకు కూడా కాదంది.

వెనక నుంచి చదివి వినిపించమంటే తెర మీద మొదట ఒంటరిగా ఒక గుడి గుర్తు, ఆ తరువాత ‘వకటకివ’ అని వచ్చింది. ఎందుకిలా అని ఒక్కో అక్షరాన్నీ విడిగా చెప్పించి చూశారు. మన కంటికి వికటకవిలో ఐదు అక్షరాలు. పిల్లి లెక్కలో ఏడు. ‘వి’ అన్నది దానికి ఒక అక్షరం కాదు, ‘వ’ ఒకటి, దాని పక్కన గుడి మరొకటి. అమ్మ అన్న మాట పొడవు అడిగితే నాలుగంది: అ, మ, పొల్లు, మళ్లీ మ. కంప్యూటరు తెలుగును, ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి అయిన యూనికోడ్‌లో హల్లులుగా, గుణింతపు గుర్తులుగా, పొల్లుగా విడివిడిగా దాచుకుంటుందని, వాటిని కలిపి ఒక్క అక్షరంగా చూపించడం తెర మీదకు వచ్చేటప్పుడు జరిగే పని అని ఏ పాఠ్యపుస్తకంతోనూ నేను ఇంత స్పష్టంగా చెప్పగలిగేవాడిని కాదు. నటన, జలజ, కనకలు ఎందుకు నెగ్గాయో అడిగితే, వాటిలో ఏ గుర్తూ లేదు కాబట్టి అని జవాబు వెంటనే వచ్చింది.

దాన్ని సరిచేయడానికి మరో రెండు వారాలు పట్టింది. గుణింతపు గుర్తులన్నిటినీ, సున్నను, విసర్గను, పొల్లును ఒక లిస్టులో పెట్టారు. మాటలోని ముక్కలను ఒక్కొక్కటే తీసుకుంటూ, ఆ ముక్క గుర్తుల లిస్టులో ఉంటే ముందున్న అక్షరానికి కలపాలి, లేకపోతే కొత్త అక్షరంగా మొదలుపెట్టాలి. దీనితో వికటకవి నెగ్గాడు. అమ్మ మాత్రం ఇంకా అ, మ్, మ అని మూడు ముక్కలయింది. ముందు ముక్క పొల్లు అయితే ఇప్పుడు వచ్చిన ముక్కను కూడా దానికే కలపాలన్న రెండో నియమాన్ని ఒక అమ్మాయి చేర్చింది. లక్ష్మి అన్న మాట అప్పుడు రెండే అక్షరాలై నిలిచింది. ఒత్తుల గురించి తెలుగు మాస్టారు చెప్పే పాఠాన్ని ఆ పిల్ల కంప్యూటరుకు చెప్పింది. ఒక సాధనం విలువను నేను ఇలాంటి పీరియడ్లతోనే కొలుస్తాను, ఆ కొలతలో స్క్రాచ్‌కు ఎక్కువ మార్కులే వేస్తాను.

అయితే తెలుగు విషయంలో ఒక పెద్ద లోటు ఉంది. మా ల్యాబులోని యాప్‌లో భాషల జాబితా తెరిస్తే ఒడియా కనిపిస్తుంది, తెలుగు కనిపించదు. బ్లాకుల మీది మాటలను వేర్వేరు భాషలలోకి తెచ్చేది ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసేవారే కనుక, ఇందులో తయారుచేసినవారిని తప్పుపట్టడం కంటే మనల్ని మనం అడగవలసింది ఎక్కువ. ఇంతమంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లున్న భాష మనది.

ఈ లోటు వల్ల పాఠం ఆగిపోతుందా అంటే, ఆగదు. బ్లాకుల మీద ఉండేవి చిన్న చిన్న మాటలు; రంగు, ఆకారం తోడుంటాయి. ఇఫ్, రిపీట్, ఫరెవర్ లాంటివి పదిరోజుల్లో నోటికి వచ్చేస్తాయి. ఇబ్బంది పెట్టేవి వెయిట్ అంటిల్, బ్రాడ్‌కాస్ట్ వంటివి. ‘అంటిల్’కు ‘అయ్యే వరకు’ అని తెలుగులో రాసి మానిటర్ల పక్కన అతికించాం. బ్రాడ్‌కాస్ట్‌ను బడి గంటతో చెప్పాను: గంట కొట్టినవాడు ఎవరికోసం కొడుతున్నాడో చెప్పడు, విన్న ప్రతి తరగతీ తన పని తాను చేస్తుంది, వినని తరగతికి ఏమీ కాదు. ఆ తరువాత ఆ బ్లాకును మళ్లీ వివరించే పని పడలేదు. పిల్లి చేత పలికించే మాటలు మాత్రం తెలుగులో ఎంతైనా రాసుకోవచ్చు, మా పిల్లల పిల్లులన్నీ చక్కటి యాసతో మాట్లాడతాయి. రాసిన మాటను గొంతుతో చదివి వినిపించే భాగం, అనువాదం చేసే భాగం ఇంటర్నెట్ ఉంటేనే పనిచేస్తాయి కనుక మాలాంటి ల్యాబులు వాటిని లేనట్టే లెక్కవేసుకోవాలి.

ల్యాబు సంగతికి వస్తే, ప్రస్తుత యాప్ విండోస్ 10, ఆ తరువాతి వాటిలోనే నడుస్తుంది. ఇంకా విండోస్ 7తో నెట్టుకొస్తున్న బడులు కొన్ని ఉన్నాయి. వారికి ఇది పెద్ద అడ్డంకే. యాప్ తనంతట తాను పనిని భద్రపరచదు, అందువల్ల కరెంటు పోతే పీరియడ్ అంతా చేసింది పోతుంది. పది నిమిషాలకోసారి సేవ్ చేయించడం నేను ఒక కసరత్తులా పెట్టాను. అదే సమయానికి మౌస్ కూడా చేతులు మారాలి. మాకు ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురు కూర్చుంటారు. మౌస్ ఉన్నవాడు తన బుర్రతో కదపకూడదు, మిగిలిన ఇద్దరూ చెప్పిందే చేయాలి అన్నది మా ల్యాబు చట్టం. ఈ నియమం లేనంతకాలం ప్రతి బల్ల దగ్గరా ఒకడు నేర్చుకున్నాడు, ఇద్దరు చూశారు.

పిల్లలు చేసిన ప్రాజెక్టు ఎస్‌బి3 అనే పేరుతో ముగిసే ఒకే ఫైలుగా దాచబడుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒకరి నుంచి ఒకరికి ఇచ్చుకోవడానికి ఇది వీలుగా ఉంది. ఆ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పేరు చివర మార్చి విప్పితే లోపల బొమ్మలు, శబ్దాలు, వాటితోపాటు బ్లాకులన్నిటినీ మాటలుగా రాసిపెట్టిన ఒక టెక్స్ట్ ఫైలు కనిపిస్తాయి. బొమ్మల వెనక కూడా రాతే ఉందని చూపించడానికి ఇంతకంటే చవకైన ప్రయోగం నాకు తెలియదు. ఇంటర్నెట్ బాగా ఉన్న బడులు స్క్రాచ్ వెబ్‌సైటులో ఉపాధ్యాయ ఖాతా తీసుకుంటే, పిల్లలకు ఈమెయిల్ అవసరం లేకుండానే ఖాతాలు ఇవ్వవచ్చు. ఇతరుల ప్రాజెక్టును తీసుకుని, మూలకర్త పేరు నిలిపి, మార్చుకునే పద్ధతి అక్కడ ఉంది. ఆ సైటులో లెక్కలేనన్ని ఆటలు సిద్ధంగా ఉండటం వల్ల, తయారుచేయడానికి వచ్చినవాడు ఆడుతూ ఉండిపోయే ప్రమాదం కూడా ఉంది.

లోపాలు ఇంకా ఉన్నాయి. మనం సొంతంగా చేసుకున్న బ్లాకు ఒక పని చేయగలదు గానీ ఒక విలువను తిరిగి ఇవ్వలేదు. వికటకవి ప్రాజెక్టులో అక్షరాలను విడదీసే పనిని ఒక బ్లాకుగా చేసి దాని జవాబును నేరుగా వాడుకుందామంటే కుదరలేదు. జవాబును ఒక లిస్టులో వదిలి, అక్కడినుంచి మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి చివరికి చురుకైన పిల్లలకు ఈ ఇరుకు తెలిసిపోతుంది. రెండోది, బొమ్మల గది. సిద్ధంగా ఉన్న బొమ్మలు, నేపథ్యాలు ఎంతగా ఆకర్షిస్తాయంటే, వదిలేస్తే కొందరు నెల రోజులు బొమ్మలకు బట్టలు మారుస్తూనే ఉంటారు. మూడోది సాధనం తప్పు కాదు, అయినా ముందే తెలిసి ఉండాలి: కబడ్డీ స్కోరు లెక్కపెట్టే ప్రాజెక్టులో ‘సెట్’ బ్లాకుకూ (విలువను ఇంత అని పెట్టేది) ‘చేంజ్’ బ్లాకుకూ (ఉన్న విలువకు కలిపేది) తేడా తెలియక సగం జట్ల స్కోరు ఒకటి దగ్గరే ఆగిపోయింది, తేడా తెలిసినవాళ్లు మొదట్లో సున్నా చేయడం మరిచిపోగా, కొత్త ఆట నిన్నటి స్కోరుతో మొదలైంది. వేరియబుల్ (మారే విలువను దాచుకునే చోటు) అంటే ఏమిటో ఈ రెండు పొరపాట్లు చేయని పిల్లవాడికి నిజంగా అర్థమైందని నేను నమ్మను.

ముందే గీసిన దారిలో ఒక్కో మెట్టు ఎక్కించే పజిల్ తరహా సైట్లతో పోలిస్తే, స్క్రాచ్‌లో ఉపాధ్యాయుడికి పని ఎక్కువ. అక్కడ సరైన జవాబు యంత్రమే చెబుతుంది. ఇక్కడ ఖాళీ తెర ముందు ఏం చేయాలో ఆలోచించి పెట్టాల్సింది మనమే. వారానికి ఒక్క పీరియడ్, అదీ పరీక్షల ముందు ఎగిరిపోయే పీరియడ్ ఉన్నచోట మొదటి తరహా మేలు. వారానికి రెండు పీరియడ్లు నికరంగా దొరికి, జవాబు చెప్పకుండా చేతులు కట్టుకుని నిలబడగల ఉపాధ్యాయుడు ఉంటే స్క్రాచ్‌ను మించినది నాకు కనబడలేదు. 2020 జాతీయ విద్యావిధానం మధ్య దశలో, అంటే ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, కోడింగ్ ఉండాలంటోంది. వేలకు వేలు ఫీజు తీసుకునే కోచింగ్ ప్యాకేజీల వైపు చూసేముందు, ఈ ఉచిత యాప్‌తో ఒక ఏడాది గడపమని తోటి ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ చెబుతాను. ఫోనులో కాదు, తెర చిన్నదై బ్లాకులు చేతికి చిక్కవు. టాబ్లెట్ అయినా ఉండాలి. తొమ్మిదో తరగతికి పైథాన్ లాంటి టైపు చేసే భాషలోకి మారడం మంచిది.

వికటకవి ప్రాజెక్టు ఇప్పటికీ పూర్తి కాలేదు. మొన్న ఒక కుర్రవాడు పెన్‌డ్రైవ్ అన్న మాటను ఎక్కడినుంచో కాపీ చేసి పిల్లికిచ్చాడు. అది పె, న్, డ్రై, వ్ అని నాలుగు అక్షరాలుగా చక్కగా విడదీసింది. కానీ మాట పొడవు పదకొండు అంది. వాడు వేళ్ల మీద ఎన్నిసార్లు లెక్కపెట్టినా పది ముక్కలే వస్తున్నాయి. ‘న్’ తరువాత ‘డ్రై’ ఒత్తుగా కిందికి జారిపోకుండా ఆపడానికి అక్కడ కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. పొల్లు తరువాత ఏది వచ్చినా కలుపుకోవాలన్న రెండో నియమం ఆ గుర్తును తెలియకుండానే మింగేసింది కాబట్టి జవాబు సరిగా వచ్చింది. ‘మరి మనం చెప్పకుండానే దానికెలా తెలిసింది సార్?’ అని వాడు అడిగాడు. వచ్చే వారం పీరియడ్ దానికే కేటాయించాను.